పైవాటా చెక్కవేళ్ళు

టింగ్... టిటిటింగ్... టంగ్!

మూడు స్వరాలు మెట్లు దిగినట్టు దిగాయి. నాలుగోది కాలు జారి కూలబడింది. సగం గీసిన గడ్డంతో అతను అద్దం వదిలి బయటికి వచ్చి, పైకప్పు వైపు గుర్రుగా చూశాడు.

“పైన ఎవరోయ్ అది?”

భార్య అప్పుడే పైవాటా నుంచి దిగివచ్చింది. రోజూ పొద్దున్నే అక్కడుండే బామ్మగారి కంట్లో చుక్కలమందు వేసి రావడం ఆమెకు అలవాటు.

“కీబోర్డండీ. పాపం, కిందా మీదా పడుతున్నారు.”

“ఎవరని అడిగాను.”

“పేరు చెప్పొద్దన్నారు. సిగ్గట.”

సిగ్గు అతనికి తెలియనిది కాదు. పాటల బృందంలో అతను కీబోర్డు ముందు కూర్చుంటే చాలు, జనం “పిడుగు! పిడుగు!” అని కేకలు వేసేవారు. మూడు నెలల క్రితం నిండు సభలో, పల్లవికీ చరణానికీ నడుమ, ఆ పిడుగు తడిసిన టపాకాయ అయింది. వేళ్ళు కదలలేదు. గాయని రెండుసార్లు ఎత్తుకొని ఆగింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. “ఇక ఆ పేరు నా చెవిన పడకూడదు,” అన్నాడు ఇంటికి రాగానే. పడలేదు. బృందాన్ని నడిపే వయొలిన్ మాస్టారు చూసి చూసి, మొన్ననే నెల గడువు పెట్టాడు. ఈలోగా చేయి తిరిగితే సరే, లేదంటే ఆ కుర్చీ మరొకరిది. అయినా అతను సాయంత్రం పది నిమిషాలు మొక్కుబడిగా వాయించి, కీబోర్డుకు గుడ్డ కప్పేసేవాడు.

టిటిటింగ్... టంగ్!

“అదిగో, మళ్ళీ జారాడు! బొటనవేలు కిందినుంచి దూరాలి కదరా మొద్దూ! ఆగు, నిన్న సాయంత్రం నేను వాయించిన ముక్కే ఇది. నేలకు చెవి ఆనించి కాపీ కొడుతున్నాడు!”

“మీరూ నిన్న సరిగ్గా అక్కడే...”

“నేనా? నేను శుభ్రంగా వాయించాను. వీడివి వేళ్ళు కావు, చెక్కలు.”

భార్య నవ్వింది. ఆమె బడిలో టీచరు. “మా మూడో తరగతి పిల్లలూ అంతేనండీ. తమ కాగితంలో తప్పు చచ్చినా కనబడదు. పక్కవాడిది దిద్దమంటే మాత్రం నా ఎర్రసిరా చాలదు.”

“నన్ను మూడో తరగతిలో చేర్చేశావన్నమాట.”

“ఊరికే చేర్చుకోం. పరీక్ష ఉంటుంది.”

ఆ సాయంత్రం అతను గుడ్డ లాగి అవతల పారేశాడు. పైకప్పు వైపు తలెత్తి, “ఇలా రా, చెక్కవేళ్ళూ! విని చావు!” అంటూ ఆ నాలుగు స్వరాలనే నలభైసార్లు వాయించాడు.

“ఈ మూల చిన్న పెట్టె మీద ఎర్రదీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉందేమిటి?” అన్నాడు మధ్యలో.

“మీరు మేలుకున్నారని అదీ మేలుకుంది,” అంది భార్య.

మర్నాడు పొద్దున పైన నాలుగో స్వరం నిలబడింది. “విన్నాడు దొంగ!” అని అతను తొడ చరిచాడు. అంతలోనే ముఖం చిట్లించాడు. “ఎడమచేయి వెనకబడింది. మొగుడి వెంట నడిచే అలిగిన పెళ్ళాంలా!”

“ఉపమానం బాగుంది. ఎవరిని చూసి రాశారు?” అంది భార్య, కీబోర్డు మీద దుమ్ము తుడుస్తూ.

పది నిమిషాలు గంటయ్యాయి. గంట కాస్తా మూడు గంటలైంది. దొంగను వదిలించుకోవాలని అతను కొత్త మెలికలు కట్టాడు. ఏ మెలిక కట్టినా తెల్లవారేసరికి పైన వినిపించేది. చివరివారం ఒక పొద్దున అతను పళ్ళు తోముకుంటూ నిలబడిపోయాడు. పైన స్వరాలు తడబడలేదు. వాన వెలిశాక చూరు నుంచి జారే చినుకుల్లా, వరస తప్పకుండా రాలాయి.

“బాగా వాయించాడు,” అన్నాడు, నోట్లో నురుగుతో.

గడువు ముగిసిన రోజు పొద్దున్నే వయొలిన్ మాస్టారు స్వయంగా వచ్చాడు.

“కుర్చీ సంగతి తేలిపోయింది తమ్ముడూ. మనిషిని ఎంచుకున్నాం. నెలరోజులుగా అతని రికార్డులు వింటున్నాను. మొదట్లో కుంటేవాడు. ఇప్పుడు పరుగెడుతున్నాడు.”

అప్పుడే పైన సంగీతం మొదలైంది. అతను టీకప్పు కింద పెట్టి పైకప్పు వైపు చూశాడు.

“ఇతనేనా?”

మాస్టారు చెవి ఒగ్గాడు. “ఇతనే. మీ ఆవిడే వినిపించింది.”

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు!” అతను భార్యను చురుక్కున చూశాడు. ఆమె పళ్ళెంలో బిస్కెట్లను మహా శ్రద్ధగా సర్దుతోంది.

కోపం నిలవలేదు. తెలియకుండానే అతని వేళ్ళు మోకాలి మీద ఆ పాట వెంటే కదులుతున్నాయి. పాట మలుపు తిరిగేదాకా ఆగి, మెల్లగా అన్నాడు.

“తీసుకోండి మాస్టారూ. అబద్ధమెందుకు, అంత హాయిగా నేనెప్పుడూ వాయించలేదు.”

తలుపు తోసుకొని పైవాటా బామ్మగారు వచ్చింది, చేతిలో తాళంచెవుల గుత్తితో.

“ఏమే అమ్మాయ్, ఎంచుకున్నారా?”

అతను లేచి నిలబడ్డాడు. “బామ్మగారూ, మీరిక్కడుంటే పైన అతని దగ్గర ఎవరున్నారు?”

“పైన ఎవరున్నారు నాయనా? మీట నొక్కి, తాళం వేసే వచ్చాను.”

పైన సంగీతం ఆగలేదు. బామ్మగారు మాస్టారు వైపు చూసింది. మాస్టారు మీసం చాటున నవ్వు దాచుకున్నాడు.

అతను భార్య వైపు తిరిగాడు. “మరి వాడెవడు? ఇప్పటికైనా పేరు చెప్పు.”

“చెప్పొద్దన్నారని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను,” అంది భార్య.

“పిడుగు.”