ఐదు నిమిషాల్లో జవాబు

"మా గార్డులం నలుగుర్నీ పనిలోంచి తీసేశారు సార్. వాకీటాకీలు అప్పజెప్పి పొమ్మన్నారు," గుమ్మంలోనే నిలబడి చెప్పాడు గార్డు అంకయ్య.

ల్యాప్‌టాప్ ముందు నుంచి లేచాడు హేమసుందర్. "ఎందుకయ్యా?"

"వారానికో సెలవు కావాలని అందరం కలిసి అడుగుదామనుకున్నాం. వాకీటాకీ సెట్లో మేం అనుకున్న మాటలన్నీ అపార్ట్‌మెంట్ సొసైటీ సెక్రటరీ గారు పొల్లుపోకుండా మాకే అప్పజెప్పారు సార్."

"ప్రైవసీ కోడ్ పెట్టుకోలేదా?"

"మీరు చెప్పిందే పెట్టాం. పదిహేడు."

వాకీటాకీలు వాడేవాళ్ళ కోసం పదేళ్ళుగా వెబ్‌సైట్ నడుపుతున్నాడు హేమసుందర్. ఎవరేం అడిగినా ఐదు నిమిషాల్లో జవాబివ్వడం అతని గొప్ప. కోడ్ పెట్టుకుంటే మాటలు మీ మధ్యే ఉంటాయని అంకయ్యకు నేర్పింది తనే. అవతలివాడు తన సెట్లో కోడ్ తీసేస్తే అన్నీ వినపడతాయని మాత్రం చెప్పలేదు. గార్డుకు అంత వివరం ఎందుకులే అనుకున్నాడు.

ఆ వివరం మొన్న సైట్లో మాత్రం హుషారుగా రాశాడు. "మా సొసైటీ గార్డులు కోడ్ పెట్టుకున్నారు, వాళ్ళ మాటలు వినడమెలా?" అని ఎవరో పేరు లేకుండా అడిగారు. ఊరు కూడా ఇదే, గురుగ్రామ్ అని ఉంది. తన జవాబు కింద కృతజ్ఞత ఇంకా స్క్రీన్ మీదే కనిపిస్తోంది: "థాంక్యూ భయ్యా, కామ్ హో గయా." పని అయిపోయిందట.

హేమసుందర్ ల్యాప్‌టాప్ మూసేశాడు.

"వేరేచోట చేరితే ఏ కోడ్ పెట్టుకోమంటారు సార్?" అన్నాడు అంకయ్య. "మీరు తప్ప మాకు చెప్పేవాళ్ళెవరున్నారు?"