రేకు ముక్క

సీటు మళ్లీ జారింది.

మోకాళ్లు గడ్డానికి తగిలేలా, సర్కస్ ఎలుగుబంటిలా తొక్కుతూ ఆమె పోస్టుడబ్బా మలుపు దాటింది.

మలుపులో పిట్టగోడ మీద ముసలాయన ఇవాళా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా పెట్టుకున్న గుండీలు. ఆమెని చూడగానే లేచి చెయ్యెత్తాడు.

ఆమె ఇంకా గట్టిగా తొక్కింది.

పెళ్లయి రెండు నెలలు. మొగుడికి ప్రెస్సులో రాత్రి డ్యూటీ, ఆమెకి కళ్లజోళ్ల షాపులో పగటి డ్యూటీ. అతను ఇల్లు చేరేది ఎనిమిదిన్నరకి. ఆమె బయల్దేరాల్సింది పావు తక్కువ తొమ్మిదికి.

ఆ మధ్యలో ఉన్న పావుగంటే వాళ్ల కాపురం.

అందులోనే ఎన్ని పట్టేవో! ఒకే గ్లాసులో కాఫీ, అతని వేళ్లకంటిన సిరా మీద దెబ్బలాట, గుమ్మం దాటాక ఏదో మరిచిపోయినట్టు ఆమె మళ్లీ వెనక్కి రావడం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అతను ఉండడు. అతని దిండు మీద తల ఆనిన గుంట మాత్రం ఉండేది. దాని మీద చెయ్యి పెట్టుకుని పడుకునేది.

ఆ పావుగంటకి ఈ సీటు ఎసరు పెట్టింది.

నెల కిందట కొన్న పాత సైకిల్. దారిలో నాలుగుసార్లు దిగి సీటు పైకి లాగాలి. అందుకని పది నిమిషాలు ముందే బయల్దేరాలి. మిగిలేది అయిదు నిమిషాలు. కాఫీ కూడా చల్లారదు.

అతను పానా పట్టుకుని, పళ్లు బిగించి మరీ బోల్టు బిగించాడు.

మర్నాడు మళ్లీ జారింది.

"నాకో అభిమాని దొరికాడు," అంది ఓ పొద్దున జడ వేసుకుంటూ. "రోజూ మలుపులో నిలబడి చెయ్యెత్తుతాడు."

"వయసెంత?"

"డెబ్బై దాటుంటాయి."

"హమ్మయ్య. అయితే నాకు పోటీ కాదు."

"ఎందుకు కాదు? నీకంటే ఎక్కువసార్లు కనిపిస్తాడు."

ఇద్దరూ నవ్వారు. అతను ముందుగా ఆపేశాడు.

మర్నాడు సరిగ్గా ఆ పిట్టగోడ ముందే సీటు ధడాలున అడుక్కి దిగిపోయింది. ఆమె కాలు ఆన్చి ఎలాగో నిలదొక్కుకుంది.

ముసలాయన పరుగులాంటి నడకతో వచ్చాడు. చూపు ఆమె మొహం మీద లేదు.

ఆమెకి ఒళ్లు మండింది.

"ఏమిటండీ రోజూ ఆ చూపులు? మీ ఇంట్లో ఆడవాళ్లు లేరా?"

ఆయన ఆగిపోయాడు.

"లేరమ్మా," అన్నాడు.

సీటు వైపు చెయ్యి చూపించి, "రెండంటే రెండు నిమిషాలు. కాస్త దిగు," అన్నాడు.

జేబులోంచి పానా తీశాడు. పై జేబులో మడత పెట్టిన రుమాలు. అందులోంచి చిన్న రేకు ముక్క తీశాడు. ఉంగరంలా వంచి ఉంది. సీటుని రాడ్డుతో సహా బయటికి లాగి, జిడ్డంతా ఆ రుమాలుతోనే తుడిచాడు. రాడ్డుకి రేకు తొడిగి మళ్లీ గొట్టంలోకి దించాడు.

"రాడ్డు సన్నం, గొట్టం లావు. ఎంత బిగించి ఏం లాభం? మధ్యలో ఇదుండాలి."

కొలవలేదు, అడగలేదు. చేతికి తెలిసిన చోటల్లే ఒకచోట ఆపి బిగించేశాడు.

ఆమె ఎక్కి చూసింది. "నాకు ఇంకో రెండు వేళ్లు పైకుండాలి."

"అవునా..." ఆయన చెయ్యి సీటు మీదే ఉండిపోయింది. "అవునవును. నువ్వు పొడుగు."

మళ్లీ వదులు చేశాడు. చాలా నెమ్మదిగా పైకి లేపాడు.

"త్వరగా కానివ్వండి, టైమైపోతోంది."

"అయిపోయిందమ్మా. ఇక పడవు."

ఆమె వెనక్కి చూడకుండా తొక్కుకుంటూ పోయింది.

సీటు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మర్నాడు పొద్దున పోయిన పది నిమిషాలూ తిరిగొచ్చాయి. కాఫీ చల్లారిపోయినా ఇద్దరూ చూసుకోలేదు.

"నీ అభిమానికి నా తరఫున కూడా థాంక్స్ చెప్పు," అన్నాడు మొగుడు.

చెబుదామనే వెళ్లింది. పిట్టగోడ ఖాళీగా ఉంది.

ఆ మర్నాడూ ఖాళీయే.

ఆదివారం ఇద్దరూ సైకిల్ కొన్న షాపుకే వెళ్లారు, వెనక క్యారియర్ పెట్టించడానికి. ఆమెని ఎక్కించుకుని తొక్కాలని అతని సరదా.

షాపాయన సైకిల్ చూస్తూనే, "రేకు చేరిందన్నమాట!" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"ఇది నాకు అమ్మినాయన లేడూ? అమ్మేముందు శుభ్రం చేస్తూ రేకు తీసి పక్కన పెట్టి మరిచిపోయాడట. కొన్నమ్మాయి పడిపోతుందయ్యా, ఎక్కడుంటుందో చెప్పమని నా ప్రాణం తోడేశాడు. ఇల్లు తెలీదు, పోస్టుడబ్బా మలుపులో రోజూ కనిపిస్తుందని చెప్పా."

"ఆయన ఇల్లెక్కడ?"

"ఖాళీ చేసేశాడమ్మా. ఎప్పుడో వెళ్లాల్సినవాడు, ఆ రేకు నీకిచ్చేదాకా ఆగాడు. ఎక్కడికో చెప్పలేదు."

మొగుడు వంగి సీటు కింద చూస్తున్నాడు. "ఇదేమిటి, ఈ గీత?"

బిగింపుకి రెండు వేళ్ల పైన, రాడ్డు మీద మేకుతో గీసిన గీత. ఎన్నిసార్లు గీశారో, లోతుగా దిగింది.

"వాళ్లావిడ ఎత్తు అది," అన్నాడు షాపాయన. "ముప్పై ఏళ్లు ఆవిడే తొక్కింది, ఆవిడ పోయాక అమ్మేశాడు."

ముప్పై ఏళ్లు పొద్దున్నే భార్య సీటు ఆ గీత దగ్గర సరిచూసి పంపిన మనిషిని, ఆమె నడిరోడ్డు మీద అడిగింది, మీ ఇంట్లో ఆడవాళ్లు లేరా అని.