గెలుపు గుబులు

లాయరు తన బంతిని తానే కాలితో ఇసుక గొయ్యిలోకి నెట్టుకోవడం ఇంజనీరు కళ్ళారా చూశాడు.

చూసి ఊరుకుంటే అతను ఇంజనీరే కాదు. గోల్ఫ్ కర్ర చంకన పెట్టుకుని గబగబా వెళ్ళాడు.

"ఏరా, బంతినెందుకు తన్నావు?"

"ఎవరు, నేనా?" లాయరు టోపీ సర్దుకున్నాడు. "కాలికి తగిలిందేమోలే."

"తగలడానికీ తన్నడానికీ తేడా తెలీదా నాకు? గొయ్యిలోంచి బయటికి తన్నుకునే దొంగల్ని చూశాను గానీ, పనిగట్టుకుని లోపలికి తన్నుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

గీత దాటిందా లేదా అన్నదాని మీద పూట పూటంతా వాదించగల లాయరు "సరేలే, జరుగు" అన్నాడు. తలొంచుకుని గొయ్యిలోకి దిగి ఇసుక తవ్వడం మొదలుపెట్టాడు. రెండు దెబ్బలకీ బంతి అక్కడే ఉంది.

ఇంజనీరు అక్కడే నిలబడిపోయాడు. పక్కన సముద్రం హోరుమంటోంది. గాలికి జెండా పటపటలాడుతోంది. ఇప్పుడొక్కొక్కటే అతనికి తడుతోంది. పొద్దున స్నేహితుడు పొట్టి, జానెడు దూరంలో ఉన్న బంతిని గుంతలో వేయలేక చేతులెత్తేశాడు. ఆరడుగుల పైన ఉంటాడని వాణ్ణి అందరూ పొట్టి అంటారు. ఫర్నిచర్ షాపు నడుపుతాడు, సెంటీమీటరు తేడా వస్తే సోఫా వెనక్కి పంపే మనిషి. ఇక డాక్టరైతే తిన్నగా సముద్రంలోకే కొట్టాడు. కొట్టి, "అరే, సముద్రం ఇటుందా!" అన్నాడు.

నలుగురూ ఏటా ఇక్కడికొచ్చి ఆడతారు. ఏ ఏడూ ఇంజనీరు గెలిచిన పాపాన పోలేదు. ఓడినప్పుడల్లా తిరుగు ప్రయాణంలో కారు అద్దానికేసి మొహం పెట్టుకుని కూర్చుంటాడు తప్ప ఎవరితోనూ పలకడు. అలాంటిది ఇవాళ అందరికంటే ముందున్నాడు. ముగ్గురూ కూడబలుక్కుని తనను గెలిపిస్తున్నారు.

ఎందుకు?

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారమే డాక్టరు తనకి గుండె పరీక్షలన్నీ చేయించాడు. "అంతా శుభ్రంగా ఉందిరా" అన్నాడు. కానీ ఆ మాట మొహంలోకి చూసి అనలేదు. అటు తిరిగి చేతులు కడుక్కుంటూ అన్నాడు.

ఇంజనీరు డాక్టరు కోసం చుట్టూ చూశాడు.

ఆఖరి హోల్‌కి నడుస్తుండగా ఇంజనీరు డాక్టర్ని భుజం పట్టుకుని ఆపాడు. "ఒరేయ్, ఒక్క మాట. నిజం చెప్పు. ఎన్నాళ్ళు?"

"ఏమిటెన్నాళ్ళు?"

"నాకు."

డాక్టరు తెల్లబోయాడు. "నీకేం రోగంరా? గుండ్రాయిలా ఉన్నావు."

"మరి నన్నెందుకు గెలిపిస్తున్నారు?"

డాక్టరు నోరు తెరిచాడు. వెనక నుంచి లాయరు గట్టిగా దగ్గాడు. డాక్టరు నోరు మూసుకున్నాడు.

"గాలి పెరుగుతోంది. పద, ఆడు" అని ముందుకెళ్ళిపోయాడు.

ఇక అనుమానం లేదు. చెప్పడానికి మనసొప్పక దాస్తున్నాడు, అంతే.

ఇంజనీరు ఆఖరి హోల్ ఎలా ఆడాడో అతనికే తెలియదు. కొట్టిన బంతి ఎటో పోయింది. అయినా గెలిచాడు. ఎందుకంటే మిగతా ముగ్గురి బంతులూ అంతకంటే దూరం పోయాయి. పొట్టి పరుగున వచ్చి వాటేసుకుని, "సాధించావురా!" అంటూ వీపు చరిచాడు. ఆ కౌగిలి కాస్త ఎక్కువసేపు ఉన్నట్టనిపించింది. ఏటా ఎవరో ఒకరి చేతికి పోయే కప్పు ఈసారి తన చేతికొచ్చింది. చల్లగా, బరువుగా ఉంది. ముగ్గురూ చప్పట్లు కొడుతుంటే వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాడు. ఇంత మంచివాళ్ళని ఇన్నేళ్ళూ కారులో మాట్లాడకుండా సాధించాను కదా అనుకున్నాడు.

"భోజనానికి రారా" అని పిలిచినా ఆగకుండా గదికెళ్ళి తలుపేసుకున్నాడు.

కప్పుని మంచం మీద పెట్టి పక్కనే కూర్చున్నాడు. భార్యకి ఎలా చెప్పాలి? కూతురి పరీక్షలయ్యేదాకా ఆగాలా? ఆవిడకి కారు నడపడం కూడా రాదు. నేర్పిస్తానంటూనే ఎన్నిసార్లు విసుక్కుని దింపేశాడు!

ఫోను చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"చెప్పండి. ఆట అయిపోయిందా?"

"అయిపోయింది." కప్పుని అటు తిప్పి పెట్టాడు. "ఏమే, నీమీద ఊరికూరికే అరుస్తుంటాను. మనసులో పెట్టుకోకు."

"ఏమిటీ?" అంది ఆవిడ.

"రేపు రాగానే నీకు కారు నేర్పిస్తా. ఈసారి విసుక్కోను. ఇంకో విషయం కూడా ఉంది. అది ఫోన్లో చెప్పేది కాదు. నువ్వు మాత్రం ధైర్యంగా ఉండాలి."

"ఏమండీ, మీ గొంతేమిటలా ఉంది?" ఆవిడ కంగారు పడిపోయింది. "అయ్యో, మళ్ళీ ఓడిపోయారా? ఈసారి ఎలాగైనా గెలిపించే ఇంటికి పంపిస్తామని అన్నయ్యలు ముగ్గురూ నాకు ఒట్టేసి చెప్పారే!"