చెప్పింది చెప్పినట్టు

"ఇక రాదే ఆ పిల్ల. ఫోన్ కూడా ఆపేసింది," అంది అక్క.

చెల్లెలు ఏడుపు అందుకుంది.

చెల్లెలికి పుట్టుకతోనే చూపు లేదు. ఆమె జవాబులు చెబుతుంటే పక్కన కూర్చుని రాయాల్సిన పిల్లే ఆ రాని పిల్ల. డిగ్రీలో మిగిలింది ఈ ఒక్క పేపరే. ఇది గట్టెక్కితే బ్యాంకు ఉద్యోగం చేతిలో ఉన్నట్టే. తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఉద్యోగం ఆగదు కదా!

"నువ్వు రాయవే అక్కా!"

"నేను డిగ్రీ చదివి చచ్చానుగా. ఒప్పుకోరు."

రాసిపెట్టేవాళ్ళు పరీక్షకి కూర్చున్నవాళ్ళ కంటే తక్కువ చదివి ఉండాలి. రూలంటే రూలే.

"నేను రాయొచ్చా అమ్మా?"

పరీక్షల సెంటరు మెట్ల పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు.

"మీరేం చదివారండీ?" అక్క అనుమానంగా అడిగింది.

"పదో తరగతి రెండుసార్లు తప్పాను. ఆ రూలుకి నాకంటే తగినవాడు మీకు దొరకడు."

అంత ఏడుపులోనూ చెల్లెలు ఫక్కున నవ్వింది.

"ఇక్కడికి ఎవరి కోసం వచ్చారు?" అంది అక్క.

"ఎవరికైనా ఇలాంటి అవసరం పడుతుందేమోనని. పరీక్షల రోజుల్లో నాకిదే పని."

గంట కొట్టే తొందరలో ఇన్విజిలేటర్ ఆయన గుర్తింపు కార్డు సరిగ్గా చూడనైనా చూడలేదు.

"ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు రాయాలి. మీ తెలివితేటలు కలపకూడదు. తెలిసిందా?"

"ఉంటేగా సార్ కలపడానికి!"

రాత మాత్రం నత్తనడకే.

"తొందరగా తాతగారూ!"

"వస్తున్నానమ్మా, వస్తున్నా."

ఆఖరి ప్రశ్న ఆయన చదివి వినిపించాడు. చదువుల కోసం ఆస్తి వెచ్చించిన ఒక పెట్టుబడిదారు గురించి రాసి, మీ అభిప్రాయం చెప్పండి.

పాఠంలో ఉన్నది ఒక్కరే. షేర్లలో కోట్లు గడించి, ఊరూరా బడులు, హాస్టళ్ళు కట్టించినాయన. ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. ఫోటో అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి కావడంతో, ముఖం తెలిసినవాళ్ళూ లేరు.

పాఠంలో ఉన్నదంతా ఆమె గడగడా చెప్పేసింది.

"ఇక అభిప్రాయం. రాయండి. కోట్లు ఉన్నవాడు దానం చెయ్యడం గొప్పేం కాదు."

కలం ఆగింది.

"ఏమైంది?"

"ఏం లేదు. చెప్పమ్మా."

"ఇలాంటివాళ్ళు చెక్కుల మీద సంతకాలు పెడతారు. అంతేగానీ పేద విద్యార్థి పక్కన ఒక్క పూట కూర్చోరు. కూర్చుంటే చొక్కా నలుగుతుంది."

పెద్దాయన కిసుక్కున నవ్వాడు.

"చొక్కా సంగతి కూడా రాయాలా?"

"రాయండి! మీదేం పోయింది?"

"నిజమే. నాదేం పోతుంది?"

"మాటలొద్దు!" కసిరాడు ఇన్విజిలేటర్.

ఆయన నోరు మూసుకుని రాశాడు. చివర్లో చదివి వినిపించాడు. చొక్కాతో సహా అంతా ఉంది.

బయటికొచ్చాక ఆమెకి కాస్త బెరుకు పుట్టింది.

"మరీ ఘాటుగా చెప్పానా తాతగారూ?"

"అనిపించింది చెప్పావు. ఉద్యోగంలో చేరాక కూడా ఆ నోరు తగ్గించుకోకు."

పేరు అడిగేలోగా ఇంకెవరికో సాయం కావాలంటే పరిగెత్తాడు.

ఆమె ఫస్టు క్లాసులో పాసయింది. ఉద్యోగం వచ్చింది. చేరిన వారానికే అక్కని వెంటబెట్టుకుని, మిఠాయి డబ్బాతో పరీక్షల సెంటరుకి వెళ్ళింది. ఆ తాతగారు లేకపోతే తన బతుకేమయ్యేదో ఆమెకి తెలుసు.

"ఆయనా? మంచాయనమ్మా. ఎవరో ఏమో, పరీక్షలకి వచ్చి పోతుంటాడు. ఈసారి రాలేదు," అన్నాడు వాచ్‌మన్.

గేటు దగ్గర అతని రేడియో మోగుతోంది. పాఠంలోని ఆ కోటీశ్వరుడు తెల్లవారుజామున కన్నుమూశాడట.

"అయ్యో పాపం! ఎన్ని బడులు కట్టించాడు మహానుభావుడు!" అంది అక్క.

ఆయన ఎప్పుడో మాట్లాడిన నాలుగు ముక్కలు ఇప్పుడు వినిపిస్తామన్నారు రేడియోలో.

"ఒక చిన్నపిల్ల కూడబలుక్కుని చదువుతుంటే విన్నాను. నేను గడించిందంతా ఆ చప్పుడు కోసమే అనిపించింది..."

 చెల్లెలు అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆమె అన్న మాటలన్నీ, ఆమె పక్కనే కూర్చుని, ఒక్క ముక్క పొల్లుపోకుండా తన చేత్తో తన మీదే రాసుకున్న పెద్దాయన గొంతు అది.