మంగళవారం రాని మనిషి

108 బండి ఆగీ ఆగకముందే సుస్మిత గుర్తుపట్టింది.

స్ట్రెచర్ మీద జానయ్య. ముక్కు నుంచి కారిన రక్తం తెల్ల మీసాల మీద ఎండిపోయి ఉంది.

నెలన్నరలో ఇది మూడోసారి.

సుస్మిత ఆ సర్కారు దవాఖానలో స్టాఫ్ నర్సు. ప్రతి మంగళవారం బీపీ, షుగర్ ఉన్నవాళ్లను చూసి వారానికి సరిపడా గోలీలు ఇవ్వడం ఆమె పని. ఎమర్జెన్సీ డ్యూటీ పడితే అదీ ఆమె పనే.

బీపీ రెండు వందల ఇరవై ఉంది. డాక్టరు ఇంజెక్షన్ రాసి పక్క మంచం వైపు వెళ్లగానే ఆమె అందుకుంది.

"ఏం తాతా, 108 నీ సొంత ఆటో అనుకున్నవా? మంగళవారం వచ్చి గోలీలు తీస్కపొమ్మంటే రావు. నెత్తి మీదికొచ్చినంక ఉరికొస్తవు."

"తప్పయింది బిడ్డా."

ఆమె అతని కార్డు తీసింది. ఇచ్చిన తేదీలు ఆరు. ఆరింటి చుట్టూ, రాలేదన్న గుర్తుగా, ఎర్ర పెన్నుతో సున్నాలు.

"మీ సంగన్‌గుట్ట నుంచి ఏడుగురొస్తరు. ఏడాది సంది ఒక్కలు ఒక్క మంగళవారం తప్పలే. నీకొక్కనికే ఏమొచ్చింది?"

"కుదుర్తలేదు బిడ్డా."

"అంత కుదరని పనేంది?"

"గొర్లు."

"వాళ్లకు లేవా గొర్లు?"

జానయ్య పైకప్పు వంక చూశాడు.

"ఉన్నయి."

"మరి?"

పక్క మంచాల వాళ్లెవరో నవ్వారు. ఆ నవ్వు సుస్మితకు ఇంకొంచెం ఊపునిచ్చింది.

"నీ అసొంటోళ్లతోనే, నిజంగ పానం మీదికొచ్చినోళ్లకు మంచాలు దొరుకుతలేవు."

జానయ్య మెల్లగా కాళ్లు ముడుచుకున్నాడు, మంచం మీద కొంత జాగా చేస్తున్నట్టు.

మూడు వారాల తరువాత ఒక బుధవారం అతను తనంతట తానే వచ్చాడు. ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చినట్టున్నాడు. మోకాళ్ల దాకా దుమ్ము.

"ఇయ్యాల తీరిక దొరికింది బిడ్డా. గోలీలియ్యి."

"ఇయ్యాల ఏం వారం?"

"బుధారం."

"నిన్నెవరు రమ్మన్నరు బుధవారం?"

జానయ్య తల గోక్కున్నాడు.

"నాలుగన్న ఇయ్యి తల్లీ. తల దిమ్ముగుంది."

గోలీలు ఆమె వెనక అల్మారాలోనే ఉన్నాయి. తాళంచెవి ఆమె కోటు జేబులో ఉంది. బీపీ చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఆవేళ పెద్ద రద్దీ కూడా లేదు.

కానీ ఒకసారి ఇస్తే ఎప్పటికీ ఇలాగే వస్తాడనిపించింది. ఈసారి బుద్ధి చెప్పాలనుకుంది.

"వచ్చే మంగళవారం రా. గప్పుడే ఇస్త."

"అట్లనే బిడ్డా."

కోపం లేదు. బతిమాలలేదు. గేటు దగ్గర నల్లా కింద ముఖం కడుక్కుని, దోసెడు నీళ్లు తాగి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

శనివారం 108 మళ్లీ వచ్చింది.

ఈసారి రక్తం లేదు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు వంకరపోయింది. సుస్మితను చూసి ఏదో అనబోయాడు, మాట రాలేదు.

డాక్టరు మహబూబ్‌నగర్‌కు పంపించాడు. దేవరకద్ర దాటకముందే పోయాడని బండి డ్రైవర్ ఫోన్ చేశాడు.

'మంగళవారం వచ్చుంటే బతికేవాడు' అని సుస్మిత తనకు తాను చెప్పుకుంది. అల్మారా తాళం తీసిన ప్రతిసారీ ఆ మాట మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది.

తరువాతి మంగళవారం సంగన్‌గుట్ట నుంచి ఒక్కరూ రాలేదు. ఊళ్లో చావు కదా అనుకుంది.

ఆపై మంగళవారమూ రాలేదు.

ఏడు కార్డులూ ముందు పెట్టుకుని ఎర్ర పెన్ను తీసింది. సున్నా చుట్టడానికి చెయ్యి రాలేదు.

డ్యూటీ దిగాక ఏడుగురి గోలీలూ ఒక సంచిలో వేసుకుని స్కూటీ మీద బయలుదేరింది. ఊరి ముందరి బీడులో ఆ ఏడుగురిలో ఒకరైన రామమ్మ కనిపించింది. కట్టె పట్టుకుని గొర్రెల వెంట తిరుగుతోంది. ఎండకు ముఖం కమిలిపోయింది.

సంచి చూడగానే రామమ్మ అడిగింది.

"మందులొచ్చినయా నర్సమ్మా?"

"రాకపోవుడేంది? ఎప్పుడూ ఉన్నయి గదా."

"ఏమో మరి. గా బుధారం మేమే జానన్న గొర్లు పట్టుకొని, నువ్వు జర దవాఖానకు పోయి రాపో అని తోలినం. ఉత్త చేతులతోని వచ్చిండు. మందులు అయిపోయినయంట, పాపం ఆ బిడ్డ మాత్రం ఏం జేస్తది అన్నడు."

సుస్మిత స్కూటీకి స్టాండు వేయబోతే రెండుసార్లు కాలు జారింది.

అడగడానికి వచ్చిన మాటే అడిగింది.

"రెండు వారాల సంది మీరెవ్వరు ఎందుకొస్తలేరు?"

"గొర్లిడిసిపెట్టి ఎట్లొస్తమమ్మా?"

"మరి ఏడాది సంది ఎట్లొచ్చిండ్రు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు రామమ్మ ఆమె వంక చూసింది.

"మేము దవాఖానకు రానీకి, మంగళారం మంగళారం మా ఏడిండ్ల గొర్లను జానన్న ఒక్కడే కాస్తుండె గదమ్మా."