గాల్లో కమానులు

చెరువు గట్టున కొంగ మాస్టారు ఉడుత పిల్లలకి వయొలిన్ నేర్పేవారు. పిల్లలు గీతాలు దాటి అప్పుడే వర్ణంలో పడ్డారు. ఒక్క క్షణం కుదురుగా ఉండని వయసు. ఎవరి కమాను కీచుమన్నా మాస్టారు ముక్కుతో నెత్తిన ఠంగున మొట్టేవారు.

"రేపు కచేరీలో ఒక్క తప్పు వినిపించిందో, మన పని అయిపోయినట్టే! ఎలుగుబంటి ప్రెసిడెంటుగారు ఈ చోటు కుస్తీలకి ఇచ్చేస్తానన్నారు."

కచేరీలో మాస్టారు రెక్క ఊపారు. కమానులన్నీ ఒక్కసారే లేచాయి, ఒక్కసారే దిగాయి. మాస్టారి గుండె ఉప్పొంగింది. కానీ చప్పుడు లేదు. తనకి చెవుడొచ్చిందేమోనని తల విదిలించుకున్నారు. చెరువులో చేప ఎగిరిన చప్పుడు మాత్రం బాగానే వినిపించింది.

వంగి చూస్తే ఒక్క కమానూ తీగకి తగలడం లేదు. పక్కవాడు వాయిస్తాడులే అని అందరూ గాల్లోనే లాగుతున్నారు.

"ఏమిట్రా ఇది?" అని మాస్టారు గొంతు తగ్గించి గద్దించారు.

ముందు వరస బుడ్డి ఉడుత నెత్తి తడుముకుంది. "తప్పు వినిపించకూడదన్నారు కదా మాస్టారూ! ఒక్కటైనా వినిపించిందా?"

అంతలో ఎలుగుబంటి ఆవలించి లేచింది. "నిరుడు మీ గోలకి తలనొప్పి వచ్చింది. ఇవాళ హాయిగా కునుకు పట్టింది. చోటు మీదే!"

పిల్లలు కేరింతలు కొట్టారు. మాస్టారు మాత్రం బుడ్డి ఉడుత నెత్తి నిమిరారు.

మర్నాడు ఆయన ముక్కు చివర దూది చుట్టుకుని క్లాసుకి వచ్చారు.

"కానివ్వండర్రా. ఇవాళ ఎవరి తప్పులు వాళ్లు గట్టిగా వాయించండి."

ఆ మోతకి చేపలన్నీ అవతలి గట్టుకి పారిపోయాయి. మాస్టారు ఆ పూట పస్తుండి మరీ తాళం వేశారు.