నాలుగో సాక్షి

"ఎవుర్ని అడిగి నా చేన్లో మంద దింపినావురా?"

సుబ్బక్క అరుపుకు గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

తెల్లారింది. బాగలూరు చేల మీద ఇంకా మంచు వీడలేదు. మంద మధ్య నుంచి డెబ్భై దాటిన ముసలివాడు కంబళి సర్దుకుంటూ లేచాడు.

"మీ కొడుకు మంజూనే నన్ను పిలిచినాడమ్మా. బంతినారు నాటే ముందు ఎరువుకని మూడు దినాలు మంద నిలపమన్నాడు."

"నా కొడుక్కి నువ్వెవురో తెలీదు. నాకు తెలుసు. గురుబరపల్లి ముత్తప్పవి నువ్వు!"

ముసలివాడు తల వంచుకున్నాడు.

నలభై ఏళ్ల కిందట ఈ చేని గట్టు మీదే సుబ్బక్క మొగుడు నాగేశప్పను పక్క చేను శివప్ప నరికేశాడు. గొర్రెలు కాస్తున్న ముత్తప్ప అంతా చూశాడట. కోర్టులో మాత్రం చూడలేదన్నాడట. కేసు కొట్టేశారు. శివప్ప మీసం దువ్వుకుంటూ ఊళ్లోకొచ్చాడు. ముత్తప్ప అమ్ముడుపోయాడని ఊరంతా అంది. ఇప్పటికీ అంటోంది.

"నా మొగుడు దిక్కులేని చావు చస్తా ఉంటే చూసి, కోర్టులో చూడలేదంటివే! నీ నోట్లో మన్ను పడ!"

"నేనట్ల చెప్పలేదమ్మా."

"ఊరంతా అబద్ధం, నువ్వొగడే హరిశ్చంద్రుడా?"

"ఊరు కోర్టుకు రాలేదు కదమ్మా. కాగితం ఉంటుంది. ఒగసారి చదివించుకో."

సుబ్బక్క మట్టిగడ్డ తీసి విసిరింది. అది ముసలివాడి భుజానికి తగిలి పొడిపొడి అయింది. అతను దులుపుకోను కూడా దులుపుకోలేదు. మందను లేపి రోడ్డు దాటించుకుని వెళ్లిపోయాడు.

ఆ మాట మాత్రం ఆమెలో ముల్లులా దిగింది. మనవరాలు నేత్ర కృష్ణగిరిలో ఒక వకీలు దగ్గర పని నేర్చుకుంటోంది.

"మీ తాత కేసు కాగితాలు తెప్పియ్యే. వాని అబద్ధం వాని మొగం ముందరే చదువుతాను."

సంగతి తెలిసి పెద్దప్ప కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నాగేశప్పకు అన్న, సుబ్బక్కకు బావ. ఆ రోజుల్లో కోర్టుకు పోయొచ్చి, ముత్తప్ప మాట తిప్పేశాడని ఆమెకు చెప్పింది ఆయనే.

"ఏమ్మా, పూడ్చిన పీనుగును మళ్లా తవ్వుతావా?"

"తవ్వితే నీకేం నొప్పి బావా?"

"ఆడదానికి కోర్టు కాగితాలెందుకు?"

"ఆ పొద్దు కూడా ఇదే మాట చెప్పి నన్ను ఇంట్లో కూర్చోబెట్టినావు."

పెద్దప్ప కాఫీ ముట్టకుండానే లేచిపోయాడు.

రెండు నెలలైనా కాగితాలు రాలేదు. ఈలోగా పూల టెంపో డ్రైవరు ఒకడు చెప్పాడు, గురుబరపల్లిలో ముత్తప్ప పోయాడని.

"నా శాపం తగిలింది," అంది సుబ్బక్క. ఆ పూట సంగటి ఇంకో ముద్ద ఎక్కువే తిన్నది.

మరో వారానికి నేత్ర కాగితాలు తెచ్చింది. అన్నీ అరవంలో ఉన్నాయి. చూస్తూ తెలుగులో చెప్పసాగింది.

"ఒకటో సాక్షి, పెద్దప్ప. నేనేమీ చూడలేదు అన్నాడు."

"ఏందీ? బావ సాక్షా? ఆయన ఆడ ఉన్నాడా?"

"ఉన్నాడవ్వా. పోలీసోళ్లకు చూసినానని చెప్పి, కోర్టులో లేదన్నాడు. రెండో సాక్షీ అంతే. మూడో సాక్షీ అంతే. ముగ్గురూ మనోళ్లే."

సుబ్బక్క ఒళ్లు మండిపోయింది. ఆ ముగ్గురూ ఆమె చేతి కూడు తిన్నవాళ్లు. "పరాయోడు, అమ్ముడుపోయినాడమ్మా" అని పక్కన కూర్చుని ఓదార్చినవాళ్లు.

"వాళ్ల వంశాలు కూలిపోనూ! నలభై ఏండ్లు నా చేత ఇంగొగన్ని తిట్టించినారే!"

"ఉండవ్వా. నాలుగో సాక్షి ముత్తప్ప. ఆయనొగడే చూసినానన్నాడు. ఒగని మాట చాలదని కేసు కొట్టేసినారు..."

నేత్ర కాగితం మీద నుంచి కళ్లు తిప్పేసుకుంది. ఇక చదవలేకపోయింది.

సుబ్బక్క ఆ కాగితం లాక్కుంది. బస్సు బోర్డులు చూసి తనంతట తాను నేర్చుకున్న అరవ అక్షరాలు అవి. వేలు పెట్టి, ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

శివప్ప వకీలు అడిగాడు: "చచ్చినవాడు నీకేమవుతాడు?"

ముత్తప్ప చెప్పాడు: "ఏమీ కాడు సామీ; కండ్లు కనపడక 'మంజూ, మంజూ' అని కొడుకును పిలుస్తా ఉంటే, 'ఈడే ఉండాను నాయనా' అని తల ఒళ్లో పెట్టుకొని, కొడుకు పోయాల్సిన ఆఖరి నీళ్లు నేనే పోసినాను."